ప్రమాణం చేసినవాణ్ణి నిలదీసే కీర్తన

మా పెదనాన్న రిటైరైన పాస్టరు. నేను సివిల్ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. బైబిల్ విషయంలో మా ఇద్దరికీ పెద్దగా పేచీ లేదు గానీ 89వ కీర్తన దగ్గరికొచ్చేసరికి మాత్రం కుదరదు. దావీదుకు దేవుడిచ్చిన మాట క్రీస్తులో నెరవేరిందని ఆ కీర్తన ముందే చెబుతోందని ఆయన అంటారు. ఇచ్చిన మాట ఏమైందని దేవుణ్ణే అడిగి, జవాబు రాకుండానే ఆగిపోయే పాట అది అని నేనంటాను. ఈ డిసెంబరులో ఒక సంఘం వాళ్లు ఆగమన కాలపు ఆదివారాల ప్రసంగాలకు ఆయన్ని పిలిచారు. ఆయన ఈ కీర్తనే ఎంచుకున్నారు. అప్పుడు మా మధ్య నడిచిన వాదన ఇది. ఒకే మాట రెండోసారి అనుకున్న చోట్లు తీసేశాను, అంతే.

కీర్తన గుర్తులేనివాళ్ల కోసం నాలుగు మాటలు. మొత్తం 52 వచనాలు. ఎజ్రాహీయుడైన ఏతాను పేరు మీద ఉంది. మొదటి 18 వచనాలూ దాదాపు స్తుతే. సముద్రపు పొంగును అణచినవాడని, రహబు అనే జలరాక్షసిని నలిపేసినవాడని, తాబోరు హెర్మోను కొండలు ఆయన పేరు విని ఉప్పొంగుతాయని కవి పొగుడుతాడు. 19 నుంచి 37 దాకా దేవుడి మాటలు. దావీదును నేనే వెతికి పట్టుకున్నాను, నా నూనెతో అభిషేకించాను, అతని సింహాసనం సూర్యచంద్రులున్నంత కాలం ఉంటుంది అంటాడు. 38వ వచనంలో గొంతు మారిపోతుంది. అంతదాకా మాట్లాడిన దేవుడు మళ్లీ నోరు తెరవడు. కవి ఒక్కడే నిష్ఠూరమాడతాడు. నువ్వే విడిచిపెట్టావు, నువ్వే నిబంధనను తోసేశావు, అతని కిరీటాన్ని నువ్వే మట్టిపాలు చేశావు అంటాడు. దారినపోయేవాళ్లు దోచుకున్నారన్న ఒక్క మాట తప్పిస్తే, నేరమంతా తెచ్చి దేవుడి మీదే మోపుతాడు.

నేను: పెదనాన్నా, డిసెంబరు 31 రాత్రి మన గుళ్లలో వాగ్దానపు కార్డులు పంచుతారు కదా. ఈ కీర్తనలో 28వ వచనం, 34వ వచనం ఆ కార్డుల మీద చూశాను. 39వ వచనం ఎప్పుడైనా కనబడిందా మీకు?

పెదనాన్న: కిరీటం మట్టిలో కలిసిందని రాసి ఉన్న కార్డు తీసుకుని ఎవరు సంతోషంగా ఇంటికెళతారు తల్లీ? ఏడాది పొడుగునా బతకడానికి మనిషికి ఒక మాట కావాలి. అందుకని ఇస్తాం.

నేను: ఇవ్వొద్దనడం లేదు. సగం కాగితం చూపించి సంతకం పెట్టించుకుంటే మా కోర్టులో చెల్లదు, అదీ నా గోల. మనమొక్కళ్లమే కాదు. కతోలికుల క్రిస్మస్ జాగరణ పూజకు కూడా ఇదే కీర్తన. అక్కడ ఏరుకున్న వచనాలన్నీ స్తుతిలోవో ప్రమాణంలోవో. విలాపాన్ని అసలు ముట్టుకోరు.

పెదనాన్న: ఆంగ్లికన్ల ప్రార్థన పుస్తకం తీసి చూడు. 1662 నాటిది. క్రిస్మస్ సాయంత్రం ఆరాధనకు మూడు కీర్తనలు పెట్టారు: 89, 110, 132. 89ని ముక్కలు చేయలేదు, మొత్తం చదవమన్నారు. పుట్టినరోజు సాయంత్రం ఆ ఏడుపంతా చదవడానికి వాళ్లు భయపడలేదు. నేనూ మొత్తమే చదువుతాను. నువ్వనుకున్నట్టు 37 దగ్గర పుస్తకం మూసేవాణ్ణి కాదు.

(ఇది నాకు తెలియదు. ఆ మూడు కీర్తనలనూ ఒక్క సాయంత్రానికి కూర్చినవాళ్లెవరో గానీ లోతు తెలిసినవాళ్లు.)

నేను: అయితే ఆ మూడింట్లోనే నా మొదటి అభ్యంతరం ఉంది. 132లో దేవుడు దావీదుకిచ్చిన మాటకు షరతుంది. నీ కొడుకులు నా నిబంధన పాటిస్తే వాళ్ల కొడుకులు కూడా సింహాసనం మీద కూర్చుంటారు అని. రాజుల మొదటి గ్రంథంలో సొలొమోనుతో చెప్పిన మాటకూ అదే షరతు. 89లో అది లేదు. ఉన్నదేమిటంటే, 30 నుంచి 34 దాకా దానికి సరిగ్గా ఎదురు. కొడుకులు దారి తప్పితే బెత్తంతో కొడతాను, కానీ కృపను తీసేయను, నా నోట వచ్చిన మాట మార్చను అంటాడు. తప్పు జరుగుతుందని ముందే ఊహించి, జరిగినా సరే ఒప్పందం రద్దు కాదని రాసిచ్చాడు.

పెదనాన్న: కొడతానన్నాడు, కొట్టాడు. ఇందులో మాట తప్పిందెక్కడ?

నేను: కొట్టడం వేరు, రద్దు చేయడం వేరు. 39వ వచనంలో కవి బెత్తం దెబ్బల గురించి ఏడవడం లేదు. నిబంధనే పోయింది అంటున్నాడు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది పెదనాన్నా. 38 నుంచి 51 దాకా పద్నాలుగు వచనాలు. అందులో మేం పాపం చేశాం అన్న మాట ఒక్కటి చూపించండి.

పెదనాన్న: లేదు.

నేను: విలాపవాక్యాల్లో ఉంది. యిర్మీయా పుస్తకం నిండా ఉంది. రాజుల గ్రంథమైతే ఒక్కో రాజు పేరు చెప్పి మరీ తప్పు రాసింది. ఇక్కడ లేదు. మరిచిపోయి వదిలేశాడంటే నేను నమ్మను. పాపం ఒప్పుకుంటే దేవుడికి దారి దొరుకుతుంది. ఆ దారి ఈ కవి ఇవ్వడం లేదు.

పెదనాన్న: ఏతాను చెప్పనంత మాత్రాన యెరూషలేములో జరిగింది జరగకుండా పోతుందా? మనష్షే రాజు ఆ ఊరిని నిర్దోషుల రక్తంతో నింపాడని రాజుల గ్రంథం చెబుతోంది. ఒక సాక్షి ఒక సంగతి చెప్పకపోతే రెండో సాక్షి మాట కొట్టేస్తారా మీ కోర్టులో?

నేను: కొట్టేయరు. కానీ రెండో సాక్షి మాటను మొదటి సాక్షి నోట్లో పెట్టడం కూడా కుదరదు. ఏతాను చెప్పింది ఏతానుగానే వినాలి. ఈ కవి ఎంత జాగ్రత్తగా కట్టాడో చూడండి. 13వ వచనంలో దేవుడి కుడిచేయి పైకి లేచి ఉంది. 25లో ఆ బలమే రాజు కుడిచేతికి వస్తుంది, ఆ చెయ్యి నదుల మీద ఉంటుంది. సముద్రాన్ని అణచే పని దేవుడిది, ఆ పనిలో రాజుకు వాటా ఇచ్చాడు. ఇక 42కి రండి. అక్కడ కుడిచేయి మళ్లీ లేస్తుంది. ఎవరిది? శత్రువులది. లేపిందెవరు? దేవుడు. ముందు పొగిడిన ప్రతిదాన్నీ తర్వాత వరసగా తిరగేశాడు. సింహాసనం, కిరీటం, కోటగోడలు, కత్తి. ఆవేశంలో నోరుజారినవాడు ఇలా కట్టలేడు. ఆలోచించి రాసిన అభియోగపత్రం ఇది.

పెదనాన్న పుస్తకం తీసి 13, 25, 42 మీద వేలు పెట్టి మూడుసార్లు చదువుకున్నారు. కాదనలేదు. ఔననీ అనలేదు.

ఇక్కడ ఈ కీర్తన ఏ రాజు గురించో చెప్పాలి. పాటలో రాజు పేరు లేదు. పండితుల్లో కొందరు యోషీయా మరణం నాటిదంటారు, కొందరు బబులోను చెర నాటిదంటారు, ఇంకా ముందుకు జరిపేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం యెహోయాకీను కనబడతాడు. రెండు కారణాలు. మొదటిది, ఈ పాటలో ఆలయం తగలబడిన ఊసు లేదు. క్రీ.పూ. 586లో ఆలయం కాలిపోయాక యెరూషలేము కోసం ఏడ్చిన ఎవరూ ఆ మాట అనకుండా ఉండరు. రెండోది 45వ వచనం. అతని యవ్వనాన్ని కురచ చేశావంటాడు కవి. యెహోయాకీను 18 ఏళ్లకు రాజయ్యాడు. మూడు నెలలు ఏలాడు. క్రీ.పూ. 597లో నెబుకద్నెజరుకు లొంగిపోయాడు. తల్లితో, భార్యలతో, కొలువు మొత్తంతో బబులోనుకు పోయాడు.

ఆ తర్వాత కథ బైబిల్లోనే కాదు, మట్టిపలకల మీద కూడా ఉంది. 1899 నుంచి 1917 దాకా రాబర్ట్ కోల్దెవై నాయకత్వంలో జర్మన్లు బబులోను శిథిలాలు తవ్వారు. అక్కడ దొరికిన కొన్ని పలకలను ఎర్న్‌స్ట్ వైడ్నర్ 1939లో ప్రచురించాడు. అవి గిడ్డంగి లెక్కలు. నెబుకద్నెజరు కొలువులో పడి ఉన్న పరదేశి రాజులకూ పనివాళ్లకూ ఎవరెవరికి ఎంత నూనె కొలిచి ఇచ్చారో రాసిన పద్దులు. అందులో యూదా దేశపు రాజు యెహోయాకీను పేరుంది. అతని ఐదుగురు కొడుకులకు వేరే కొలత ఉంది. ఆ పలకల్లో ఒకటి క్రీ.పూ. 592 నాటిది. అంటే చెరలోకి వెళ్లి ఐదేళ్లయింది, ఇరవై మూడు దాటిన కుర్రవాడు.

కీర్తనలో 20వ వచనం మళ్లీ చదవండి. దేవుడు తన పరిశుద్ధమైన నూనెతో అభిషేకించానంటాడు. రాజును రాజు చేసేదే నూనె. బబులోనులో ఆ వంశపు రాజుకు అందిన నూనె శత్రువు గుమస్తా కొలిచి పోసింది. ఈ రెండు నూనెల మధ్య ఉన్న దూరమే 89వ కీర్తన అని నా నమ్మకం. పెదనాన్నతోనూ అదే అన్నాను.

పెదనాన్న: నువ్వు చెప్పిందంతా నేను ఒప్పుకుంటాను. కానీ నువ్వు నీ సాక్ష్యాన్ని సగమే చదివావు.

నేను: ఏం వదిలేశాను?

పెదనాన్న: ఐదుగురు కొడుకులు. యెహోయాకీను తర్వాత రాజైన సిద్కియాకు ఏమైంది? రిబ్లాలో కొడుకుల్ని అతని కళ్లెదురుగా చంపి, తర్వాత అతని కళ్లు పీకించాడు నెబుకద్నెజరు. ఆ కొమ్మ అక్కడితో సరి. ఇక్కడ యెహోయాకీనుకు ఐదుగురు కొడుకులు బతికి ఉన్నారని రాసిందెవరు? మన ప్రవక్తలు కాదు, శత్రువు గుమస్తా. అంత పెద్ద సామ్రాజ్యం ఆ వంశాన్ని తుడిచేయకుండా, నూనె పోసి సాకింది. చెరలోకి వచ్చిన 37వ ఏట ఎవీల్మెరోదకు అతన్ని చెరసాలలోంచి తీసి, బట్టలు మార్పించి, బతికినన్నాళ్లూ తన బల్ల దగ్గర భోజనం పెట్టాడు. రాజుల రెండో గ్రంథం ఆ మాటతోనే ముగుస్తుంది. ఎందుకు అక్కడ ముగించాడో ఆలోచించు.

నేను: యిర్మీయా అతన్ని దేవుడు వేలినుంచి లాగి పారేసిన ముద్ర ఉంగరం అన్నాడు. సంతానం లేనివాడని రాయమన్నాడు.

పెదనాన్న: హగ్గయి ఏమన్నాడు? అదే యెహోయాకీను మనవడు జెరుబ్బాబెలును దేవుడు ముద్ర ఉంగరంగా చేసుకుంటాడన్నాడు. పారేసిన ఉంగరమే మళ్లీ వేలికెక్కింది. మత్తయి మొదటి అధ్యాయంలో వంశావళి చదివితే అందులో యెకొన్యా పేరుంది, అంటే ఈ యెహోయాకీనే, అతని తర్వాత జెరుబ్బాబెలు పేరుంది. చివర యేసు పేరుంది.

నేను: వంశం బతకడం వేరు, సింహాసనం నిలవడం వేరు పెదనాన్నా. కీర్తనలో ప్రమాణం సింహాసనం గురించి. జెరుబ్బాబెలు రాజు కాలేదు, పారసీకుల కింద అధికారి. హగ్గయి అంత మాట అన్నాక అతని ఊసే వినబడదు. తర్వాత యూదయను ఏలిన హస్మోనీయులు దావీదు వంశం కాదు. హేరోదు ఇదూమయవాడు. 597 తర్వాత కొన్నాళ్లు సిద్కియా, అంతే. ఆ సింహాసనం మీద దావీదు కొడుకు మళ్లీ కూర్చోలేదు. ఇది విశ్వాసం మాట కాదు, చరిత్ర.

పెదనాన్న: సింహాసనమంటే కుర్చీయేనా? ఇథియోపియా చక్రవర్తులు తాము సొలొమోను సంతతి అని చెప్పుకున్నారు. 1955లో రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 1974లో హైలే సెలాసీని దింపేశారు. కుర్చీ పట్టుకున్నవాళ్లకు ఈ ప్రమాణం ఎప్పుడూ పనికిరాలేదు.

నేను: ఆ మాటే నేను ఇంకో పక్కనుంచి అంటాను. ఆ ప్రమాణం మొదట పనికొచ్చింది కుర్చీ పట్టుకున్నవాళ్లకే కదా. ఆ చుట్టుపక్కల దేశాల్లో ప్రతి రాజూ తనని దేవుడు ఎన్నుకున్నాడనే చెప్పుకున్నాడు. దావీదు వంశం మాత్రం వేరెలా అవుతుంది? దేవుడు మా వంశాన్ని ఎప్పటికీ దింపడు అని రాజభవనంలో పాడించుకున్న పాట కాదా ఇది?

పెదనాన్న కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. ఆయనకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

పెదనాన్న: అమ్మాయ్, ఇందాకే నువ్వు పద్నాలుగు వచనాలు లెక్కపెట్టావు. ఏ రాజైనా తన ఆస్థానకవితో ఆ పద్నాలుగు వచనాలు పాడించుకుంటాడా? రాజు ఓడిపోయాడు, అవమానం పాలయ్యాడు, వీధిన పోయేవాళ్లు వెక్కిరిస్తున్నారు అని. 1993లో ఉత్తర ఇశ్రాయేలులో తేల్ దాన్ దగ్గర ఒక రాతిశాసనం ముక్క దొరికింది, నీకు తెలుసు. క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దంలో ఒక అరామీయ రాజు తన గెలుపుల గురించి చెక్కించుకున్నది. అందులో దావీదు ఇంటి పేరుంది, ఓడిన పక్షంగా. అలాంటి శాసనాల్లో గెలుపే ఉంటుంది. రాజులు చెక్కించుకునేది అది. తమ రాజు ఓడిపోయాడని పాట కట్టి, దాన్ని దాచి, ఆరాధనలో పాడుకుని, వెయ్యేళ్లు కాపాడిన జనం పాటను నువ్వు రాజు భజన అంటున్నావు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మొదటి 37 వచనాలు విడిగా రాజభవనంలో పుట్టి ఉండొచ్చని ఇప్పటికీ అనుకుంటాను. మొత్తం కీర్తన మాత్రం రాజభవనం కూలిపోయాక పుట్టింది.

పెదనాన్న: ఇంకొకటి. నువ్వన్నట్టు నిబంధన చచ్చిపోయిందని ఏతాను నమ్మితే, 46వ వచనంలో ఎంతకాలం అని ఎందుకు అడుగుతాడు? చచ్చిపోయిన ఒప్పందం మీద ఎవడూ దావా వేయడు. దావా వేశాడంటే చెల్లుతుందన్న నమ్మకం ఉన్నట్టే.

నేను: అది ఒప్పుకుంటాను. మనసారా ఒప్పుకుంటాను. 49వ వచనం దాకా ఆ నమ్మకం ఉంది. మొదటి వచనంలో దేవుడి కృపనూ విశ్వాస్యతనూ కలిపి పాడాడు. 49లో ఆ రెండింటినే కలిపి, ఏవి అని అడిగాడు. దేవుడు లేడనుకుంటే ఆ ప్రశ్న రాదు. నా పేచీ ఆ తర్వాతి దాంతో. ఆ ప్రశ్నకు మీరు వెంటనే జవాబిచ్చేస్తారు. లూకా మొదటి అధ్యాయం తీసి, గబ్రియేలు మరియతో దావీదు సింహాసనం గురించి చెప్పింది చదివేస్తారు. అడిగినవాడి నోట్లో మాట ఉండగానే.

పెదనాన్న: ఆ జవాబు నేను కల్పించింది కాదు. పౌలు అంతియొకయ సమాజమందిరంలో ప్రసంగం మొదలుపెట్టినప్పుడు ఈ కీర్తన మాటలే తీసుకున్నాడు. ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయంలో యేసును నమ్మకమైన సాక్షి, ఆదిసంభూతుడు, భూరాజుల మీద అధిపతి అంటుంది. ఆ మూడూ 27, 37 వచనాల్లోంచి వచ్చినవే. అగస్టీను తన దేవుని పట్టణం పదిహేడో పుస్తకంలో ఈ కీర్తన గురించి అధ్యాయాలు రాశాడు. రెండు వేల ఏళ్ల నుంచి సంఘం ఇలాగే చదువుతోంది.

నేను: సంఘం చదువుతోంది. కానీ పాట రాసిన జనం? వాళ్లు ఈరోజుకీ రోజుకు మూడుసార్లు చేసే ప్రార్థనలో దావీదు చిగురు మొలవాలని అడుగుతూనే ఉన్నారు. ఏతాను ప్రశ్న వాళ్ల నోట్లో ఇంకా ఉంది. పన్నెండో శతాబ్దంలో ఇబ్న్ ఎజ్రా ఈ కీర్తనకు వ్యాఖ్య రాస్తూ ఒక సంగతి చెప్పాడు. స్పెయిన్‌లో ఒక మహాపండితుడు, భక్తిపరుడు, ఈ కీర్తన చదివేవాడు కాదట, ఎవరైనా చదివినా వినలేకపోయేవాడట. దేవుడి మీద ఇంత కఠినమైన మాటలా అని. ఆ పండితుడికి ఈ పాట అసలు బరువు తెలుసు. మనం క్రిస్మస్ రోజు అది చదివి, కేకు కోసుకుంటాం.

పెదనాన్న: వినలేకపోయినవాడి పేరు కూడా చెప్పలేదు. వ్యాఖ్య రాసినవాడు ఇబ్న్ ఎజ్రా. కళ్లు మూసుకోకుండా చదివాడు. మనం చేయాల్సింది కూడా అదే.

కాసేపు ఇద్దరం ఊరుకున్నాం. తర్వాత ఆయన ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

పెదనాన్న: 1977 నవంబరు ఉప్పెన తర్వాత దివిసీమకు సాయానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. బైబిలు సంచిలో ఉంది. తీయలేదు. వాగ్దానాలు చదవడానికి అక్కడ ఎవరూ లేరు, శవాలున్నాయి. బియ్యం బస్తాలు మోశాం. గుంటలు తవ్వాం. వారమో పది రోజులో అయ్యాక, పిల్లలందరూ పోయిన ఒక ముసలాయన నన్ను చదవమన్నాడు. నాకు ఏం చదవాలో తెలియక కీర్తనల పుస్తకం తెరిచి 88 చదివాను. అది చీకటిలో ముగుస్తుంది కదా. ఆపేశాను. ఇంకా చదువు అన్నాడు. 89 మొదలుపెట్టాను. పొగడ్త వస్తుంటే నాకే సిగ్గేసింది. ఆయన కదలకుండా విన్నాడు. 38 దాటాక చేయెత్తి, ఆఁ, ఇదీ, అన్నాడు. మళ్లీ చదివించుకున్నాడు. నువ్వు చెప్పేది నాకు తెలియనిది కాదమ్మా.

నేను: మరి ఆయనకు లూకా చదివారా?

పెదనాన్న: లేదు.

నేను: ఎందుకని?

పెదనాన్న: ఆరోజు అది నా పని కాదు. కానీ అందుకని అది నిజం కాకుండా పోదు. నువ్వు ఎప్పుడూ అనేది, క్రీస్తు ఈ కీర్తన నోరు మూయించే జవాబని మేం చెబుతామని. నేను 37 దగ్గర క్రీస్తును చూడమనడం లేదు. 38 నుంచి చూడమంటున్నాను. కిరీటం మట్టిపాలైన రాజెవరు? ముళ్ల కిరీటం. యవ్వనం కురచైన రాజెవరు? ముప్పై మూడేళ్లు. అడుగడుగునా శత్రువులు వెక్కిరించిన అభిషిక్తుడని 51లో ఉంది. సిలువ దగ్గర ఏం జరిగింది? ఎందుకు చెయ్యి విడిచావు అని ఆయనే అరిచాడు. దావీదు కొడుకు వచ్చి కూర్చున్న చోటు 29వ వచనంలో లేదు. 44వ వచనంలో ఉంది, సింహాసనం నేలకూలిన చోట. ఏతాను ప్రశ్నను ఆయన కొట్టేయలేదు. ఆ ప్రశ్న అడిగేవాళ్లలో ఆయనే ఒకడయ్యాడు.

ఎన్నో క్రిస్మస్ ప్రసంగాలు విన్నాను. ఈ మాట ఎవరూ చెప్పగా వినలేదు. దావీదు రాజ్యాన్ని గురించి మన గుళ్లలో పాడే పాటలు, కొట్టే తప్పెట్లు, స్టేజీల మీద కట్టే బంగారు సింహాసనాలు, వీటన్నిటికంటే ఈ మాటకే ఈ కీర్తన పక్కన నిలబడే అర్హత ఉంది. అయినా నా అనుమానం పూర్తిగా పోలేదు.

నేను: సరే. ఓడిపోయిన రాజును చూపించారు. తర్వాత లేచాడని నమ్ముతాం. కానీ 14వ వచనంలో దేవుడి సింహాసనానికి నీతి న్యాయాలు పునాది అని ఉంది. దావీదు సింహాసనం నిలవాలనడం వెనక ఉన్నది ఆ ఆశే కదా, న్యాయం జరిగే ఒక రాజ్యం. అదెక్కడ? నా దగ్గరికొచ్చే పొలం కేసుల్లో తాత వేసిన దావాకు మనవడు వాయిదాలకు తిరుగుతున్నాడు. రాజు వచ్చేశాడని ఆ మనవడితో చెప్పాలంటే నాకు నోరు రాదు.

పెదనాన్న: అందుకే రెండో రాకడ కోసం ఎదురు చూస్తున్నాం అంటున్నాం.

నేను: ఎదురు చూస్తున్నామంటే మనం కూడా 46వ వచనం దగ్గరే ఉన్నామన్నమాట. ఎంతకాలం అని అడిగేచోట.

పెదనాన్న: ఉన్నాం. కాదన్నానా? నాకూ నీకూ తేడా ఒక్కటే. నేను ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఎవర్ని అడుగుతున్నానో నాకు ముఖం తెలుసు.

నేను: కీర్తనల పుస్తకాన్ని కూర్చినవాళ్లు మాత్రం దావీదు కొడుకు కోసం ఆగలేదు పెదనాన్నా. 1985లో జెరాల్డ్ విల్సన్ అనే పండితుడు ఈ వరసను చక్కగా చూపించాడు. ఐదు పుస్తకాల్లో మూడోది 89తో ముగుస్తుంది. నాలుగోది 90తో మొదలవుతుంది, అది మోషే ప్రార్థన. ఇశ్రాయేలులో రాజన్నవాడే లేని రోజుల మనిషి. 93, ఆ తర్వాత 95 నుంచి 99 దాకా యెహోవాయే రాజు అన్న పాటలు. మానవ రాజు పని అయిపోయింది, దేవుడే రాజు అని కూర్చినవాళ్ల జవాబు.

పెదనాన్న: మరి అయిదో పుస్తకంలో 110 ఎందుకొచ్చింది? 132 ఎందుకొచ్చింది? దావీదును వదిలేసినవాళ్లు మళ్లీ ఎందుకు తెచ్చుకున్నారు? విల్సన్ మంచి పండితుడే, కానీ పుస్తకం 106 దగ్గర ఆగిపోలేదు. వాళ్లు మోషే దగ్గరకు వెళ్లారు, దేవుడే రాజన్నారు, అయినా దావీదుకిచ్చిన మాట పట్టుకునే ఉన్నారు. ఏదీ వదల్లేదు.

నేను: 52వ వచనం సంగతేమిటి మరి? 51లో వెక్కిరింపు, 52లో యెహోవాకు స్తోత్రం, ఆమేన్ ఆమేన్. అది ఏతానుది కాదు. 41, 72, 106 కీర్తనల చివర కూడా అలాంటి స్తుతే ఉంది. ఒక్కో పుస్తకం ముగింపుకు కూర్చినవాళ్లు పెట్టింది. మీరు ప్రసంగంలో దాన్ని ఏతాను ఓదార్పు పొందినట్టు చెప్పకండి.

పెదనాన్న: చెప్పను. కానీ పెట్టినవాడెవడైనా, 51 చదివే పెట్టాడు. గుడ్డివాడు కాదు.

నేను: ఆ మాట చెప్పండి అయితే. ఉన్నదున్నట్టు.

పెదనాన్న: చెబుతాను. మొత్తం 52 వచనాలూ చదువుతాను. నూనె సంగతి కూడా చెబుతాను, నీ పేరు చెప్పకుండా. సంఘానికి చరిత్ర పాఠంలా ఉందంటారేమో, అన్నా సరే.

నేను: లూకా?

పెదనాన్న: చదువుతాను. అది మాత్రం వదలను.

నేను: అదే రోజా?

పెదనాన్న: ఆగమన కాలానికి నాలుగు ఆదివారాలున్నాయి కదా. ఇది మూడో ఆదివారం చదువుతాను. లూకా నాలుగోదానికి పెడతాను. మధ్యలో వారం రోజులు వాళ్లను ఏతానుతో ఉండనీ.